దిగిన చోటే దేశం కాదు

మొదటిసారి ఉత్తరాది చూసొచ్చిన విద్యార్థిని ఎలా ఉందని అడిగి చూడండి. "ఢిల్లీవాళ్లు పెద్ద మోసగాళ్లు సార్", "కాశీ అంతా మురికి", "అటువైపు అన్నం దొరికి చావదు". జవాబు ఒక్క వాక్యంలో వచ్చేస్తుంది. దాని వెనక వారం రోజుల ప్రయాణం, నాన్న ఇచ్చిన డబ్బులు, అమ్మ కట్టిచ్చిన పులిహోర అన్నీ ఉన్నాయి. అయినా మిగిలింది ఆ వాక్యమే. అది ఎక్కడ పుట్టిందో కొంచెం తవ్వి చూస్తే చాలాసార్లు ఒకే చోట తేలుతుంది: రైలు దిగి, సామాను భుజాన వేసుకుని, స్టేషన్ బయటికి వచ్చిన మొదటి అరగంటలో.

స్టేషన్ గేటు దగ్గర నిలబడేవాళ్లలో చాలామందికి కొత్తవాళ్లే బతుకుతెరువు. ఆటో బేరగాళ్లు, హోటల్ దళారులు, చెయ్యి పట్టుకు లాగే గైడ్లు. ఊళ్లో మిగతా లక్షలమంది ఆ సమయానికి ఇంట్లో టిఫిన్ చేస్తుంటారు, లేదా ఆఫీసుకు బయల్దేరుతుంటారు. వాళ్లు మీకు ఎదురుపడరు. బిహార్ నుంచి వచ్చిన ఒక కుర్రాడు తిరుపతి స్టేషన్ బయట తనను చుట్టుముట్టిన నలుగురిని చూసి "తెలుగువాళ్లింతే" అని తేల్చేస్తే మనం ఒప్పుకుంటామా?

మొదటి చూపులో ఒక అభిప్రాయం ఏర్పడకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. అందుకని "తొందరపడి తీర్పు చెప్పకండి" అని నీతి చెప్పి ఊరుకోవడం నాకిష్టం లేదు. ఆ అభిప్రాయం ఎక్కడ, ఏ వేళ, ఎవరి మధ్య ఏర్పడాలన్నది మాత్రం టిక్కెట్ కొనేటప్పుడే చాలావరకు మీ చేతిలో ఉంటుంది. ఈ అధ్యాయం దాని గురించే.

మొదట ఎక్కడ దిగాలి

మనవాళ్లు ఉత్తరాది అనగానే నేరుగా ఢిల్లీ టిక్కెట్ కొంటారు. నన్నడిగితే ఆ దారిలోనే ఉన్న భోపాల్‌లో దిగమంటాను. హైదరాబాద్ నుంచి వెళ్లే తెలంగాణ ఎక్స్‌ప్రెస్, విజయవాడ మీదుగా వెళ్లే జీటీ ఎక్స్‌ప్రెస్ రెండూ అక్కడ ఆగుతాయి. భోపాల్ రాజధాని నగరమే అయినా ఢిల్లీ అంత ఉరుకులు పరుగులు లేని ఊరు. దారి అడిగితే ఆగి చెప్పేవాళ్లు దొరుకుతారు. పొద్దున్నే పోహా, జిలేబీ కలిపి తినే అలవాటును అక్కడి బండి దగ్గర నిలబడి చూడొచ్చు. పోహా అటుకుల ఉప్మాలాంటిది కాబట్టి మన నాలుకకు పెద్ద కొత్తేమీ కాదు.

భోపాల్‌లో దిగమనడానికి అసలు కారణం సాంచి. అక్కణ్నుంచి బస్సులో వెళ్లొచ్చు. ఒకరోజు చాలు. అశోకుడి కాలంలో మొదలైన మహాస్తూపం, దాని చుట్టూ తర్వాతి కాలంలో నిలిపిన నాలుగు తోరణాలు. దక్షిణ తోరణం మీద ఒక చిన్న శాసనం ఉంది. శాతకర్ణి రాజు దగ్గర పనిచేసే శిల్పుల పెద్ద, వాసిష్ఠి కొడుకు ఆనందుడు ఇచ్చిన దానమని అందులో ఉంటుంది. బడిలో సాంఘికశాస్త్రంలో మార్కుల కోసం బట్టీపట్టిన శాతవాహనులు మధ్యప్రదేశ్‌లో ఒక గుట్ట మీద, రాతి మీద, ఒక పనివాడి పేరుతో కనిపిస్తారు. అమరావతి శిల్పాలను చూసినవాళ్లకైతే ఆ పద్మాలు, ఆ జనసమూహాలు ఎక్కడో చూసినట్టే ఉంటాయి. "అటువైపు అంతా వేరే లోకం" అన్న మాట మనసులో గట్టిపడకముందే ఇలాంటిది ఒకటి చూడటం మంచిది. ఢిల్లీ ఎక్కడికీ పోదు, రెండు రోజుల తర్వాత వెళ్లినా అక్కడే ఉంటుంది.

ఏ ఊళ్లో దిగినా, దిగే వేళ చూసుకోండి. తెల్లవారుజాము మూడింటికి దించే రైలు ఎంత చౌకైనా మొదటి ప్రయాణానికి వద్దు. నిద్ర చాలని కళ్లకు ప్రతి మనిషీ దొంగలాగే కనిపిస్తాడు. తప్పనిసరైతే తెల్లారేదాకా వెయిటింగ్ హాల్లో కూర్చోండి. పెద్ద స్టేషన్లలో రిటైరింగ్ రూములు ఉంటాయి. ఖాయమైన టిక్కెట్ ఉంటే ఐఆర్‌సీటీసీలోనే ముందుగా బుక్ చేసుకోవచ్చు. ముఖం కడుక్కుని, టీ తాగి, సామాను క్లోక్ రూములో పడేసి, ఖాళీ చేతులతో బయటికి నడవండి. మీదపడే దళారులు సగానికి సగం తగ్గుతారు. వాళ్లు చూసేది మీ ముఖం కంటే ముందు మీ సూట్‌కేసును.

న్యూఢిల్లీ స్టేషన్లోనే దిగాల్సొస్తే ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఒకవైపు పహాడ్‌గంజ్, రెండోవైపు అజ్మేరీ గేట్. మెట్రో ఉన్నది అజ్మేరీ గేట్ వైపు. పహాడ్‌గంజ్ వైపు బయటికొస్తే, మీరు బుక్ చేసుకున్న హోటల్ మూసేశారనీ, మరో మంచి చోటికి తీసుకెళ్తాననీ చెప్పే పెద్దమనిషి ఎదురుపడే అవకాశం ఎక్కువ. జవాబు చెప్పకుండా నడిచిపోండి. ఆటో కావాలంటే ప్రీపెయిడ్ కౌంటర్ ఎక్కడుందో చూడండి.

కిటికీ పక్కన

ప్రయాణమంటే చేరాక మొదలయ్యేదనుకుంటారు చాలామంది. నాకైతే రైలే ఆ ప్రయాణంలో సగం. చలి ముదరని అక్టోబరు, నవంబరు నెలల్లోనో, ఫిబ్రవరిలోనో వెళ్తుంటే, వెళ్లేటప్పుడు స్లీపర్ క్లాసే ఎక్కమంటాను. ఏసీ బోగీలో అద్దాల వెనక నుంచి దేశం మూకీ సినిమా చూసినట్టు పోతుంది. తెరిచిన కిటికీలోంచి గాలి వస్తుంది, దాంతోపాటు దుమ్ము, కాలుతున్న గడ్డి వాసన, పక్క స్టేషన్లో అమ్మేవాడి కేక కూడా వస్తాయి. వచ్చేటప్పుడు అలసిపోయి ఉంటారు కాబట్టి అప్పుడు థర్డ్ ఏసీ ఎక్కండి, నేనేమీ అనను.

టిక్కెట్ కొనేటప్పుడు అందరూ బయల్దేరే వేళ, చేరే వేళ చూస్తారు. మీరు ఇంకొకటి కూడా చూడండి: రైలు ఏ నదిని పగలు దాటుతుంది? రామగుండం, మంచిర్యాల మధ్య గోదావరి. సిర్పూర్ కాగజ్‌నగర్ దాటాక స్టేషన్ బోర్డుల మీద తెలుగు మాయమవుతుంది. బల్లార్షాలో పలక మీద దేవనాగరి లిపి. నాగపూర్‌లో నారింజలు. ఇటార్సీ దాటాక నర్మద, ఆ వెంటనే బుద్నీ, బర్ఖేడా మధ్య సొరంగాలు, రాతాపానీ అడవి. గ్వాలియర్ మీదుగా పోతుంటే మొరేనా, ధోల్‌పూర్ మధ్య చంబల్. నదికి ఇరువైపులా మట్టి కోసుకుపోయి ఏర్పడిన లోయలు కనిపిస్తాయి. సినిమాల్లో బందిపోట్లు దాక్కునే చోటు అదేనని పక్కసీటాయన చెప్పకుండా ఉండడు. ఒకే రైలు అన్నిటినీ పగలు దాటదు. గోదావరిని మనం ఎప్పుడైనా చూడొచ్చు కాబట్టి, నర్మదను వెలుగులో చూపించే రైలెక్కండి.

పక్కసీటాయన మాటెత్తాను కాబట్టి చెబుతున్నాను. సికింద్రాబాద్ నుంచి దానాపూర్ వెళ్లే రైలెక్కితే, హైదరాబాద్‌లో మెట్రో పిల్లర్లు, అపార్టుమెంట్లు కట్టిన చేతులు మీ పక్కనే ఉంటాయి. ఛఠ్ పండగకు ఇంటికి పోయే బిహారీలు, జార్ఖండ్ కూలీలు. వాళ్లకు మన ఊళ్ల గురించి ఒక అభిప్రాయం ఉంటుంది, అదీ వాళ్లు దిగిన చోట ఏర్పడిందే. "మీ ఊరేది, ఇంట్లో ఎవరెవరున్నారు, ఇప్పుడు పొలంలో ఏం వేశారు" అని అడగండి. "మీ రాష్ట్రం ఎందుకిలా ఉంది" అని మాత్రం అడక్కండి. మొదటి ప్రశ్నలకు గంటసేపు మాట్లాడతారు. రెండోదానికి మీరు వార్తల్లో విన్నదే తిరిగి వినిపిస్తారు.

రైలు నియమాల్లో కొన్ని తెలియకే గొడవలవుతాయి. మిడిల్ బెర్తు రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకానే వేసుకోవాలి. మిగతా వేళల్లో కింది బెర్తు మీద అందరూ కూర్చోవచ్చు. ఆర్ఏసీ అంటే సైడ్ లోయర్‌లో ఇద్దరికి కలిపి చోటు. ఆన్‌లైన్‌లో కొన్న టిక్కెట్ చార్ట్ వేశాక కూడా పూర్తి వెయిటింగ్ లిస్టులోనే ఉంటే అది రద్దయిపోతుంది, డబ్బులు వెనక్కొస్తాయి. దానితో రైలెక్కకూడదు. ముందస్తు బుకింగ్ గడువు 2024 నవంబరు నుంచి 120 రోజుల బదులు 60 రోజులే. తత్కాల్ ముందురోజు ఏసీకి పదింటికి, స్లీపర్‌కి పదకొండింటికి తెరుస్తారు. 2025 జులై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కు ఆధార్ ధ్రువీకరణ అడుగుతున్నారు, కాబట్టి ఆ పని వారం ముందే చేసిపెట్టుకోండి. విద్యాయాత్రకూ, సెలవులకు ఇంటికెళ్లడానికీ విద్యార్థులకు రాయితీ ఉంటుంది. కాలేజీ ఆఫీసులో ఫారం అడగండి. గుమస్తాగారు విసుక్కున్నా రెండోసారి అడగండి.

కుడి పేజీ ఖాళీగా

1830 మే 18న ఒక తెలుగాయన మద్రాసు నుంచి కాశీకి బయల్దేరాడు. ఏనుగుల వీరాస్వామయ్య, అక్కడి సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే అనువాదకుడు. పల్లకీలు, బోయీలు, పెద్ద పరివారం. కడప, హైదరాబాద్, నాగపూర్, జబల్‌పూర్, ప్రయాగ మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా చూసుకుని, తూర్పు తీరం వెంట దిగుతూ 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. దారిపొడుగునా రాసి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు పంపినదే 'కాశీయాత్ర చరిత్ర'. 1838లో అచ్చయింది.

ఆ పుస్తకం చదివితే మొదట విసుగొస్తుందని ముందే చెబుతున్నాను. ఏ ఊళ్లో సరుకులన్నీ దొరుకుతాయి, ఎక్కడ నీళ్లు బాగుంటాయి, దారి గులకరాళ్లదా ఇసుకదా, ఏ నదిని ఎలా దాటాలి, మజిలీకి మజిలీకి మధ్య ఎంత దూరం. ఇదే వరుస. కానీ దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత కూడా మనకు పనికొస్తున్నది సరిగ్గా ఆ వరసే. ఆయనకూ అభిప్రాయాలున్నాయి, కొన్ని ఇప్పుడు మనకు నచ్చవు కూడా. కానీ ఆయన ముందు చూసింది రాశాడు కాబట్టి, ఆయన అభిప్రాయంతో మనం విభేదించడానికి కావలసిన సరంజామా కూడా ఆయన పుస్తకంలోనే దొరుకుతుంది.

మీరు చేయాల్సింది ఇంతే. ఒక చిన్న నోటుబుక్కు తీసుకోండి. ఎడమ పేజీలో కళ్లు చూసింది, చెవులు విన్నది, చెల్లించిన ధర. కుడి పేజీ మూడు రోజులపాటు ఖాళీ. "కాశీలో జనానికి శుభ్రత లేదు" అన్నది కుడి పేజీ మాట. "పొద్దున ఆరింటికి దశాశ్వమేధ ఘాట్ మెట్ల మీద పూలు, ఆకు దొన్నెలు, ప్లాస్టిక్ కవర్లు. పక్కనే ఇద్దరు పైపుతో మెట్లు కడుగుతున్నారు. ఒకావిడ ప్రమిద వదిలి, కవరు కూడా నీళ్లలో వేసింది. ఆవిడ మాట్లాడింది తెలుగు." ఇది ఎడమ పేజీ. ఎడమ పేజీ ఇలా నిండితే కుడి పేజీలో ఏం రాయాలో అంత తేలిగ్గా తోచదు.

ఫోనులో రాసుకుంటే సరిపోదా అంటారు. రాసుకోండి. కాకపోతే ఫోను తీయగానే రాయడం మానేసి ఫొటో తీస్తారు, దాన్ని స్టేటస్‌లో పెడతారు, పెట్టేటప్పుడు కింద ఒక తీర్పు రాయక తప్పదు. స్నేహితుల లైకులు వచ్చాక ఆ తీర్పును మార్చుకోవడం కష్టం.

1915 జనవరిలో గాంధీ దక్షిణాఫ్రికా దశ ముగించుకుని దేశానికి తిరిగొచ్చినప్పుడు, గోఖలే ఆయన దగ్గర ఒక మాట తీసుకున్నాడు: ఏడాదిపాటు దేశం తిరగాలి, ప్రజావిషయాల మీద అభిప్రాయాలు చెప్పకూడదు. అప్పటికి గాంధీ వయసు 45. సత్యాగ్రహం నడిపినవాడు. ఆయనకే ఏడాది పెట్టారు. మనకు మూడు రోజులు ఎక్కువేమీ కాదు.

నూనె, చలి, పొద్దు

కొన్ని మొదటి అనుభవాలకు మనుషులతో పనిలేదు, ఒంటితోనే పని. వాటి సంగతి ముందే తెలిస్తే నింద ఎవరి మీదా పడదు.

ఆవనూనె వాటిలో మొదటిది. ఉత్తరప్రదేశ్, బిహార్, బెంగాల్‌లలో కూర మూత తీయగానే ముక్కుకు ఘాటుగా తగిలే వాసన అదే. నువ్వుల నూనెకో, వేరుశనగ నూనెకో అలవాటుపడ్డ ముక్కు రెండు రోజులు మొరాయిస్తుంది. ఏదో పాడైపోయింది అనుకుని పళ్లెం పక్కకు తోసేసేవాళ్లున్నారు. మూడో రోజు ఆ నూనెలోనే వేయించిన చేపముక్క తినండి, లేదా బిహార్‌లో లిట్టీతో పాటు చోఖా తినండి. చోఖాలోని కాల్చిన వంకాయలో ఆ ఘాటు ఎందుకు కావాలో నాలుకే చెబుతుంది. ఆవకాయలో ఆవపిండి ఘాటును ఇష్టంగా తినే మనం, అదే ఆవాల నూనెకు ముఖం చిట్లించడం తమాషాగానే ఉంటుంది. అన్నం సంగతంటారా? తూర్పుకు పోయేకొద్దీ దొరుకుతూనే ఉంటుంది. బెంగాల్‌లో మనకంటే తక్కువేమీ తినరు. పడమటికి, ఢిల్లీ వైపుకు పోయేకొద్దీ చావల్ అని విడిగా అడగాలి.

చలి. డిసెంబరు రెండో సగం, జనవరి ఉత్తరాది మైదానాల్లో పొగమంచు కాలం. రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి. సంక్రాంతి సెలవుల్లో వెళ్లాలనుకునే మనవాళ్లకు సరిగ్గా ఆ వేళే కుదురుతుంది. ఒకరోజు చేతిలో అదనంగా పెట్టుకోకుండా తిరుగు టిక్కెట్ కొనకండి. దసరా సెలవులు అంతకంటే మేలు. కాకపోతే నవరాత్రుల్లో ఉత్తరాదిన చాలాచోట్ల ఉల్లి, వెల్లుల్లి లేని వంటే దొరుకుతుంది, కలకత్తాలోనేమో అదే వారం బిర్యానీ దుకాణాలు కిటకిటలాడతాయి. ఒకే పండగ, రెండు రకాల వంటిళ్లు.

పొద్దు సంగతి చాలామందికి తట్టదు. దేశమంతటికీ గడియారం ఒకటే, 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన. ఆ గీత మీర్జాపూర్ దగ్గర నుంచి దిగి మన కాకినాడకు కాస్త తూర్పుగా పోతుంది. దేశం తూర్పు కొసకూ పడమటి కొసకూ సూర్యుడి లెక్కలో దాదాపు రెండు గంటల తేడా ఉంది. డిసెంబరులో గువాహటిలో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు కుంకుతుంది. ఆరింటికి అంగళ్లు మూస్తుంటే "ఇక్కడివాళ్లు బద్ధకస్తులు" అనుకునేవాళ్లను చూశాను. వాళ్లు తెల్లవారుజామున లేచి సగం పని ముగించేసరికి మనం లాడ్జిలో దుప్పటి కప్పుకుని ఉంటాం.

సెలవు రోజులు కూడా చూసుకోండి. తాజ్‌మహల్‌కు శుక్రవారం సెలవు. ఎర్రకోట, ఢిల్లీ నేషనల్ మ్యూజియం సోమవారం మూస్తారు.

భాష విషయంలో మనవాళ్ల భయం అవసరానికన్నా ఎక్కువ. హిందీలో స్త్రీలింగం, పుంలింగం తప్పుతాయని నోరు విప్పరు. టీ కొట్టువాడికి మీ వ్యాకరణంతో పనిలేదు, పైగా అతని హిందీ కూడా పుస్తకాల హిందీ అయి ఉండదు. ఎవరైనా "మద్రాసీ" అంటే కోపం తెచ్చుకోకుండా మీ జిల్లా పేరు చెప్పండి, మ్యాపులో చూపించండి. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్లు 8.11 కోట్లు, దేశంలో నాలుగో స్థానం. ఆ మాట చెబితే ఆశ్చర్యపోతారు. మనం మాత్రం బిహార్‌లో భోజ్‌పురి, మైథిలి, మగహీ వేరువేరని ఎంతమందిమి ఎరుగుదుం?

అమ్మాయిలకు విడిగా

పక్కసీటువాళ్లతో మాట కలపమని పైన చెప్పిన సలహా అబ్బాయిలకు చెప్పినంత తేలిగ్గా అమ్మాయిలకు చెప్పలేను. కొన్ని చోట్ల తేరిపార చూసే చూపులు ఉంటాయి. అలాంటప్పుడు కలిగిన అభిప్రాయాన్ని మూడు రోజులు ఆపుకోవాల్సిన పని లేదు, వెంటనే అక్కణ్నుంచి కదలండి. అనుమానం తప్పని తర్వాత తేలినా పోయేదేమీ లేదు. బోగీలో కుటుంబాలున్న చోటికి మారుతామని టీటీఈని అడగొచ్చు. రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేస్తే రైలు నడుస్తుండగానే ఆర్‌పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) వాళ్లు వస్తారు. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్ల కోసం 2020 నుంచి 'మేరీ సహేలీ' బృందాలున్నాయి. బయల్దేరే స్టేషన్లోనే వాళ్లు వచ్చి బెర్తు నంబరు రాసుకుంటారు.

ఇక బస సంగతి, ఇది అబ్బాయిలకు కూడా. కాశీలో మానససరోవర్ ఘాట్ దగ్గర శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం, రిషీకేశ్‌లో టీటీడీ వారి ఆంధ్రాశ్రమం ఉన్నాయి. మొదటి రాత్రి అక్కడ ఉంటే ఇంట్లోవాళ్లకూ ధైర్యం, మీకూ సాంబారన్నం. వారమంతా అక్కడే ఉంటే మాత్రం కాశీలో ఉన్నట్టు కాదు, గోదావరి గట్టున ఉన్నట్టే. రెండో రోజు బయట తినండి, మూడో రోజు సాయంత్రం హారతికి వెళ్లే జనంతో కాకుండా పొద్దున్న సందుల్లో పాలు పోసేవాళ్ల వెనక నడవండి. శవాలు దహనం చేసే మణికర్ణిక ఘాట్‌లో ఫోను జేబులోంచి తీయకండి. కాలుతున్న శవం ఎవరింటిదో.

తిరుగు దారి వేరు

వెళ్లిన దారినే వెనక్కి రాకండి. వీరాస్వామయ్య చేసినట్టే తూర్పు తీరం పట్టుకుని దిగండి. కాశీ నుంచి రాత్రి రైలుకు హౌరా, అక్కడ ఒకటి రెండు రోజులు. ఉదయం హౌరాలో బయల్దేరే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఖరగ్‌పూర్ వస్తుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో పనికి వెళ్లి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. ప్లాట్‌ఫాం మీద తెలుగు వినపడినా కంగారుపడకండి, ఇంకా మన రాష్ట్రం రాలేదు. భువనేశ్వర్ దాటాక సాయంత్రం వేళకు చిల్కా సరస్సు పట్టాల పక్కనే పరుచుకుని ఉంటుంది.

ఖరగ్‌పూర్ నుంచి భువనేశ్వర్ దాకా ఉన్న ఆ కొన్ని గంటల్లో నోటుబుక్కు తీసి, ఎడమ పేజీలు మొదటినుంచి చదువుకుంటూ కుడి పేజీలు రాయండి. రాయడానికి ఏమీ తోచని చోట్ల ఖాళీగా వదిలేయండి. చిల్కా వచ్చే వేళకు ఎటువైపు కూర్చోవాలో ఎదుటి బెర్తు వాళ్లను ముందే అడిగి పెట్టుకోండి. ఫలక్‌నుమాలో బెర్తు దొరక్కపోతే షాలిమార్ నుంచి వచ్చే ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ కూడా ఇదే దారి. కాకపోతే అది బయల్దేరేది ఆలస్యంగా, చిల్కా వచ్చేసరికి చీకటి పడే అవకాశం ఉంది.